ఉంబ్రియా ఓట్లు, విశాలాక్షిగారు

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద కాఫీ కొట్టుంది. వాన పడ్డ పొద్దున దాని డికాక్షన్ వాసన లిఫ్టులో నాతోపాటే పైకొస్తుంది. ఆ వాసనకి, నేను ఎన్నడూ చూడని ఇటలీ కొండ ఊళ్ళు పొగమంచులోంచి ఒక్కొక్కటే తేలతాయి. వాటిని నాకు చూపించింది మా ప్రొఫెసర్ విశాలాక్షిగారు. బాపట్ల మనిషి. వయసులో ఉండగా ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో చదువుకుని, తర్వాత సింగపూర్‌లో ఎన్నికల రాజకీయాలు పాఠం చెప్పేవారు.

ఆవిడ దగ్గర పీహెచ్‌డీకి చేరాను. ఉంబ్రియా ప్రాంతీయ ఎన్నికల్లో తరాల తరబడి వామపక్షమే ఎందుకు గెలుస్తోందన్నది నా థీసిస్. ఊరూరి ఓట్లు నాకు నోటికొచ్చు. ఆవిడకి అది చాలేది కాదు. కళ్ళు మూసుకుని, వేసవిలో అక్కడ వామపక్షంవాళ్ళు జరిపే పార్టీ పండగ గురించి చెప్పేవారు. చెట్ల కింద పొడుగాటి బల్లలు, అవతలి పార్టీవాళ్ళు కూడా వచ్చి తినిపోవడం.

"మా ఇంటి ఓనరమ్మ నాకు బంగాళాదుంపలు చెక్కు తీసే పని పెట్టింది. వీళ్ళు మనకి ఓటెయ్యరుగా, వీళ్ళకి కూడా ఎందుకండీ అన్నాను. ఓటెయ్యకపోతే ఆకలెయ్యదా అంది."

వింటూ వింటూ నేను కూడా ఆ బల్ల చివర కూర్చున్నట్టే ఉండేది. కిటికీ బయట వాన చప్పుడు కొండవాగులా వినిపించేది. ఆవిడ గదిలోంచి లేచి రావాలనిపించేది కాదు.

థీసిస్ చివరి అధ్యాయంలో ఉండగా అక్కడ మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఫలితాలు తెలిసిన పొద్దున ఇద్దరం జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల మధ్య కలిశాం. ఇక్కడివాళ్ళలాగే టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాకని ఆపుకుని, ఫోన్ తీశాను. ఉంబ్రియా అవతలి కూటమికి వెళ్ళిపోయింది. అదీ బొటాబొటీగా కాదు. ఎప్పటికీ మారదని నేను రాసిన ప్రాంతం!

"థీసిస్ పోయింది మేడమ్. స్కాలర్‌షిప్ కూడా అయిపోవస్తోంది."

"వాళ్ళు నీ థీసిస్ చదివి ఓటేస్తారటయ్యా?" అని పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఓడినవాళ్ళు ఆవిడతో కలిసి వండిన మనుషులు మరి. నా బాధ మర్చిపోయి ఆవిడ కోసం బాధపడ్డాను. కాసేపటికి ఫోన్ అందుకుని, అవతలి కూటమిలో చేరిన ఓనరమ్మ కొడుక్కి ఇటాలియన్‌లో అభినందనలు పంపారు.

"ఎందుకు మారదో ఇన్నాళ్ళూ రాశావు. ఎందుకు మారిందో ఇప్పుడు రాయి. గెలిచినవాళ్ళని తిట్టకుండా రాయి. ముందా దోసె తిను, చల్లారిపోతోంది."

మళ్ళీ మొదటినుంచి రాశాను. సమాధానం నా లెక్కల్లోనే ఉంది. ఊరూరా వామపక్షం ఓట్లు ఏళ్ళుగా కరుగుతూ వచ్చాయి, గెలుపు మాత్రమే చూసిన నా కళ్ళకి ఆ తరుగు ఆనలేదు. ఆ రాతకే డిగ్రీ వచ్చింది.

తర్వాతి ఎన్నికల్లో ఉంబ్రియా మళ్ళీ పాత కూటమి వైపు తిరిగింది. సంతోషంగా ఫోన్ తీసి విశాలాక్షిగారి పేరు వెతికాను. పేరు కనిపించాక గుర్తొచ్చింది, ఆవిడ పోయారని.

ఇప్పుడు నేనే పాఠం చెబుతున్నాను. మొన్న క్లాసులో ఉంబ్రియా ఫలితాలన్నీ వివరించి బయటికొస్తుంటే, కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి నన్ను ఆపింది.

"రెండు దిక్కులోళ్ళ గురించీ మంచిగనే చెప్తున్నరు సార్. ఇంతకీ మీరు ఏ పార్టీ మనిషి?"

"విశాలాక్షిగారి మనిషినమ్మా" అన్నాను.