నిలిచిన పంది కోసం బాపట్ల ప్రయాణం

అరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. మా ఊరి టీచరమ్మ సుగుణమ్మ దగ్గర తెల్లదొకటి, నల్లమచ్చదొకటి, రెండు సీమజాతి ఆడపందులుండేవి. తౌడు ఒకదానికే సరిపోయేలా ఉంది. కడుపుతో ఉన్న చూడిదాన్ని ఉంచుకుని, రెండోదాన్ని రేపల్లె మాంసం కొట్టు దానయ్యకు ఇవ్వాలని ఆమె ఆలోచన. పశువుల సంగతి తెలిసినవాణ్నని, ఏది చూడిదో చెప్పాల్సింది నేను.

బాపట్ల పశువుల డాక్టరుకు ఉత్తరం రాస్తే కార్డు వచ్చింది: "మగపందితో దాటించిన ఇరవై ఒకటో రోజున వీపు మీద గట్టిగా నొక్కండి. నిలిచిందో లేదో తెలుస్తుంది." నొక్కాను. నల్లమచ్చది కదలకుండా నిలబడింది. తెల్లది అరుచుకుంటూ పారిపోయింది. నల్లమచ్చదే చూడిదని తేల్చాను.

"ఎందుకైనా మంచిది, ఒక్కసారి అడిగి రండి బాబాయ్‌గారూ" అంది సుగుణమ్మ. నాకు ఒళ్లు మండింది. "వెళ్తాలే గానీ, శనివారం సాయంత్రం ఐదింటికి నేను రాకపోతే నా మాటే ఖాయం. తెల్లదాన్ని తోలెయ్" అన్నాను.

శనివారం పొద్దున ఆరింటికి రేపల్లెలో రైలెక్కాను. తెనాలిలో దిగి, చల్లారిన ఇడ్లీలు తిని, బాపట్ల పాసెంజరు కోసం గంటన్నర పడిగాపులు పడ్డాను. రైలు పెట్టెలో ఒక మిల్లు గుమస్తా నా పని విని నవ్వాడు. "పంది కడుపు కోసం బాపట్ల దాకానా తాతా? మా ఆవిడ సంగతే నాకు మూడో నెలకు గానీ తెలీలేదు!"

డాక్టరు పదకొండింటికి దొరికాడు.

"నిలబడితే చూలు కట్టక మళ్లీ ఎదకొచ్చినట్టండి తాతగారూ. చూడిది నొక్కనివ్వదు, పారిపోతుంది."

"నిలిచిందో లేదో అని రాశారుగా! మా వైపు నిలవడమంటే చూలు నిలవడమే!"

"నిలబడ్డమనే నా ఉద్దేశమండి" అని తల గోక్కున్నాడు. విదేశాల్లో పంది పొట్టకు ఆనించి చప్పుడుతో చూలు తెలుసుకునే యంత్రం వచ్చిందట, అదీ చెప్పాడు. యంత్రం దాకా ఎందుకు, ఒక్క తెలుగు మాట తిన్నగా రాస్తే చాలదూ!

తిరుగు రైలు గంట ఆలస్యం. తెనాలిలో రేపల్లె బండి ఇంజను నీళ్లు తాగుతూ కూర్చుంది. రేపల్లెలో దిగేసరికి ఐదున్నర. మా ఊరి బస్సు వెళ్లిపోయింది. నడక మొదలుపెట్టాను. సగం దారిలో దానయ్య బండి ఎదురైంది. కాళ్లు కట్టేసి తెల్లది అందులో ఉంది.

"ఆపు! అది చూడిది!"

"రేపు ఆదివారం పెద్దయ్యా. నన్ను కోసి అమ్మమంటావా?"

"రెండోది తీసుకో. పొరపాటు నాదే."

గొణుక్కుంటూనే బండి తిప్పాడు. నేనూ ఎక్కి పంది పక్కనే కూలబడ్డాను.

సుగుణమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమె నల్లమచ్చదాని చెవి నిమురుతూ నిలబడింది.

"చూడిదని ఉన్న తౌడంతా ఇందాక దీనికే పెట్టేశానండీ" అంది.