దొరగారి ఫోటోలో ఆ వీపు

1982 మార్చిలో అమెరికాలో, మిషిగన్‌లోని నోవై అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంటి హాల్లో మా ఆయన ఒక మేకు కొట్టారు. అక్కడి ఇళ్ళ గోడలు అట్టముక్కలు. మేకు లోపలికి దూరి అవతల ఎక్కడో పడిపోయింది. రెండోదీ అంతే. మూడోదానికి చెక్క తగిలింది. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆదివారం రెండు కన్నాలూ పూడ్చి, పైన రంగు వేసి, చేతులు కడుక్కున్నాడు. మూడో మేకుకు మా ఆయన తన ఫోటో తగిలించారు.

తన ఫోటో అని ఆయన అనేవారు. చూసేవాళ్ళకు కనిపించేది ఒక లోతైన గుంట. గుంట గోడకు మట్టి పొరపొరకూ ఒక చీటీ గుచ్చి ఉంటుంది. అడుగున రాతిగోడ ముక్క, దాని పక్కన నలుపూ తెలుపూ పట్టీలు వేసిన కొలకర్ర. కర్ర పక్కన ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, టోపీ పెట్టుకున్న ఒక మనిషి వీపు. ముఖం లేదు.

మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చాలాసేపు చూసి నన్నడిగింది.

"అమ్మమ్మా, తాతయ్య వాల్ ఎందుకు చూస్తున్నాడు? టైమౌట్ ఇచ్చారా?"

వాళ్ళ బడిలో అల్లరి చేసిన పిల్లల్ని గోడవైపు తిప్పి నిలబెడతారట.

"అవును. ఇంకా బయటికి రాలేదు," అన్నాను.

ఆ శిక్ష వేసినవాడు ఒక ఇంగ్లీషు దొర. మా ఇంట్లో ఆయన పేరెత్తేవాళ్ళం కాదు, దొరగారు అంటే చాలు. ఆయన జీవితచరిత్ర మా ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో గానీ, ఒక్కసారీ నాకు చేతులు జోడించాలనిపించలేదు. రెండు యుద్ధాల్లో ఫిరంగుల పటాలంలో అధికారి. మధ్యలో తీరిక దొరికినప్పుడు తన దేశంలో పాత కోటలు తవ్వాడు. రెండో యుద్ధం పూర్తికాకముందే మన దేశంలో తవ్వకాల శాఖ మీద అధికారిగా వచ్చిపడ్డాడు. అంతకుముందు మనవాళ్ళు తవ్విందంతా కోళ్ళు పెంట గీకినట్టుందని తేల్చి, మా ఆయనతో సహా కుర్రాళ్ళను పోగుచేసి పాఠం మొదలుపెట్టాడు. తెల్లవారకముందే ఈల. ఈల వినగానే వరస. తవ్విన గుంట అంచులు కత్తితో కోసినట్టు ఉండాలి. తిరిగి వెళ్ళాక బిరుదు వచ్చింది, టీవీలో ముఖం వచ్చింది, ముసలితనంలోనూ మీసం అలాగే నిలిచింది. పోయినప్పుడు మా ఆయన ఒక పూట భోజనం మానేశారు. మా మామగారి మొదటి తద్దినం రోజు ఆయన కాఫీ కూడా మానలేదు.

దొర పెట్టిన నియమాల్లో ఒకటి ఫోటో గురించి. కొలత కోసం నిలబడ్డ మనిషి కెమెరా వైపు చూడకూడదు. ముఖం కనిపిస్తే చూసేవాళ్ళు గుంటను వదిలేసి ముఖం చూస్తారు. అందుకని గోడవైపు తిరిగి ఏదో పనిలో ఉన్నట్టు నిలబడాలి. "అప్పుడు నువ్వు మనిషివి కాదు, కొలకర్రవి," అనేవాడట. ఈ మాట మా ఆయన గర్వంగా చెప్పేవారు. నేను లెక్కల టీచర్ని. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో పాఠం చెప్పాను. కొలత విలువ నాకూ తెలుసు. కానీ దొర అచ్చువేసిన నివేదికలో ఆ ఫోటో కింద కర్ర పొడవు ఎన్ని అడుగులో ఉంది, మనిషి ఎవరో లేదు. పొగరుకు కూడా ఒక కొలత ఉంటే అది ఇదే.

మిషిగన్ తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో మా ఆయన దొర కథ చెప్పేవారు. మొదటి ఏడు గుంట లోతు తొమ్మిది అడుగులు. మరుసటి ఏడు పన్నెండు. "కర్ర ఆరడుగులదే కదండీ, ఫోటోలో కర్రకు పైన మూడడుగులు కూడా లేదు," అన్నాను. అక్కడున్న కుర్ర ఇంజనీర్లు నవ్వారు. ఆయన నాతో మర్నాటిదాకా మాట్లాడలేదు.

1983 అక్టోబరులో వర్జీనియా నుంచి ఒక అమెరికన్ ఫోన్ చేశాడు. రిటైరైన ప్రొఫెసరు. దొర జీవితం మీద పెద్ద పుస్తకం రాస్తున్నానని, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మిగిలిన నలుగురినీ కలుస్తున్నానని, శనివారం వస్తానని చెప్పాడు. మా ఆయన ఫోన్ పెట్టేసి సోఫాలో కూర్చుండిపోయారు. శాఖలో చేరిన మెట్టుకు ఒక్క మెట్టు పైన రిటైరైన మనిషి. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ పడలేదు. ఇప్పుడు పడుతుంది. ఆ వీపు కింద పేరు పడితే తన జీవితం మొత్తం సరిపోతుందని నాతోనే అన్నారు. దొర బతికుండగా ఒక్కసారి పేరుపెట్టి పిలిచాడా అని అడగబోయి ఊరుకున్నాను.

శుక్రవారం మీసానికి రంగు వేసుకున్నారు. బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ ముందు నిలబడి మర్నాడు చెప్పబోయేదంతా ఇంగ్లీషులో చెప్పుకున్నారు. అమ్మాయి నన్ను వంటింట్లోకి లాగింది.

"అమ్మా, ప్లీజ్. రేపు నాన్న మాట్లాడుతుంటే మధ్యలో కరెక్ట్ చేయకు. ఆయనకిది చాలా ఇంపార్టెంట్."

"తప్పు చెప్పకపోతే దిద్దను."

"తప్పు చెప్పినా దిద్దకు."

ప్రొఫెసరు పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. ఉప్మా రెండుసార్లు వేయించుకున్నాడు. కానీ అడిగినవన్నీ దొర గురించే. ఈల ఏ జేబులో ఉండేది? కోపం వస్తే ఏమని తిట్టేవాడు? ఆడవాళ్ళ వెంట పడేవాడట, నిజమా? మా ఆయన ఒక్కోదానికి తడుముకోకుండా చెప్పారు. ఆయన ఏ పొర తవ్వారో, ఏం దొరికిందో ఒక్క ప్రశ్న రాలేదు. చివరికి ఆయనే లేచి గోడమీది ఫోటో తెచ్చి ప్రొఫెసరు ఒళ్ళో పెట్టారు.

"ఇది నేను."

ప్రొఫెసరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఇక్కడే చిన్న చిక్కుంది సర్. పూనాలో ఒక పెద్దాయన కూడా ఇది తానే అంటున్నాడు."

"వాడా!" మా ఆయన మీసం వణికింది. "వాడు కుంటివాడు. వీపు చూడండి, ఎంత నిటారుగా ఉందో."

"ఫోటో తీసిన రోజు మాత్రం తెలుసు. రాతిగోడ బయటపడ్డ రోజే తీశారని నివేదికలో ఉంది. 1945 జూన్ పదిహేడు, ఆదివారం."

"అవునవును, జూన్ పదిహేడు. నాకు బాగా గుర్తు."

మా ఆయనకు తేదీలు గుర్తుండవు. మట్టిముద్ద చూసి రెండువేల ఏళ్ళ కిందటిదని చెప్పగలరు. కూతురి పుట్టినరోజు అడిగితే నావైపు చూస్తారు.

ప్రొఫెసరు కూడా నావైపే తిరిగాడు. "మేడమ్, మీరు చెప్పండి. ఈ వీపు మీ ఆయనదేనా?"

అమ్మాయి నన్ను చూస్తోంది. తల అడ్డంగా ఊపుతోంది. ఆ పిల్ల పుట్టింది అదే ఏడు మే ఇరవై ఎనిమిదిన. ఇరవై ఒకటో రోజు ఎప్పుడొస్తుందో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు.

"కాదు," అన్నాను. "ఆ రోజు కాకినాడలో మా నాన్నగారింట్లో ఈ పిల్లకు బారసాల. ఆయన పీటల మీద నా పక్కన కూర్చున్నారు. కాళ్ళకు ఎర్రమట్టి కూడా పోలేదు."

మా ఆయన ఫోటో వెనక్కి తీసుకున్నారు.

"నలభై ఏళ్ళ కిందటి సంగతి. దీనికి వయసైపోయింది," అన్నారు నన్ను చూపిస్తూ.

"వయసైంది నాకు, తేదీకి కాదు. చెప్పండి, దొర సెలవిచ్చాడా?"

"ఇచ్చారు."

"ఇవ్వలేదు. పిల్ల పుట్టిందని ఫిరంగి వదిలిపెట్టి వెళ్ళే సిపాయి ఉంటాడా అన్నాడు. మీరు రాత్రికి రాత్రి చెప్పకుండా వచ్చేశారు. తిరిగివెళ్తే గుంటలోంచి తీసేసి, కుండపెంకులు కడిగేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. సీజనంతా కడిగారు. మంచివాడని ఒక కాగితం కూడా రాసివ్వలేదు. ఆ ఏడాది మీరే చెప్పారు నాకు."

ప్రొఫెసరు ముఖం వెలిగింది. జాలితో కాదు. "అద్భుతం! అచ్చం ఆయనే! సరిగ్గా ఆయన అలాగే చేస్తాడు!" అంటూ గబగబా రాసుకున్నాడు. పెంకులు కడిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కడిగించినవాణ్ణి మెచ్చుకుంటూ మూడో కప్పు కాఫీ తాగాడు. ఇటువంటివాళ్ళు చరిత్ర రాస్తారు.

కారు వెళ్ళిపోయాక మా ఆయన ఫోటోను బల్లమీద బోర్లా పెట్టి నావైపు తిరిగారు.

"నీకేం ఒరిగింది?"

"ఏమీ ఒరగలేదు. మీరు చేసిన ఒక్క మంచిపనీ ఎవడో పూనావాడి వీపు కింద ఎందుకు కప్పెట్టాలి?"

"మంచిపనా! దానివల్ల ఉద్యోగంలో ఎక్కడివాణ్ణక్కడే ఉండిపోయాను. దొరగారి ముందు తలెత్తలేకపోయాను."

అమ్మాయి అంతసేపూ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నాన్నా, నా కోసం పారిపోయి వచ్చావా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"పారిపోవడమేంటి," అన్నారాయన. "సెలవు పెట్టాను."

"పెట్టలేదు," అన్నాను.

ఆయన లేచి బేస్‌మెంట్‌లోకి వెళ్ళిపోయారు. అమ్మాయి వెనకాలే వెళ్ళింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వాషింగ్ మెషీన్ తిరుగుతోంది, ఏమీ వినపడలేదు. పైకి వచ్చాక ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఫోటో మళ్ళీ మూడో మేకుకు ఎక్కింది. దొర మీద ఆయన భక్తి అణువంత కూడా తగ్గలేదు. తగ్గుతుందని నేనూ అనుకోలేదు.

పుస్తకం 1986లో వచ్చింది, ఇటుకంత బరువు. మా ఆయన రెండు ప్రతులు తెప్పించారు. ఆ ఫోటో ఉంది. కింద కర్ర పొడవు ఉంది. పూనా ఆయన పేరూ లేదు, ఈయన పేరూ లేదు. దొర క్రమశిక్షణ గురించి రాసిన అధ్యాయంలో ఒక వాక్యం మాత్రం ఉంది. ఇంట్లో ఏదో వేడుక ఉందని చెప్పాపెట్టకుండా తవ్వకం వదిలివెళ్ళిన ఒక కుర్రాణ్ణి తిరిగివచ్చాక పెంకులు కడిగే పనికి పంపారు అని. దొర గొప్పతనానికి అదొక ఉదాహరణ.

ఆ పేజీలో ఆయన పసుపు దారం పెట్టుకున్నారు. ఆ వేసవి పిక్నిక్‌కు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. గుంట లోతు సంగతి ఎత్తలేదు. ఎవరో కొత్త దంపతులు, నెలల పిల్లతో బల్లదగ్గర కూర్చుని ఉన్నారు. దారం ఉన్నచోట తెరిచి వాళ్ళముందు పెట్టారు.

"ఈ కుర్రాడున్నాడే, వీడు నేను. ఇదిగో మా అమ్మాయి, దీనికోసమే దొరగారిని ఎదిరించి వచ్చేశాను. మూడు రోజులు నడిచి..."

"రైల్లో వచ్చారు," అన్నాను. "మా నాన్నగారు స్టేషన్‌కు జట్కా పంపించారు."

మిగతాదంతా సరిగ్గానే ఉంది. దిద్దలేదు.