పిల్లలకు వాన సెలవు, మాకు డ్యూటీ

నిన్న సాయంత్రం నీ ఫోనుకి మెసేజ్ వచ్చి, రేపు వాన, బడి లేదు, పాఠాలు ఇంట్లోనే అని చదివి మంచం మీద గెంతావు చూడు, అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఈ అమ్మమ్మ చెప్పేది టైపు చేస్తానన్నావు కదా, చెయ్యి మరి, మధ్యలో నన్ను సరిదిద్దకు. నా ఈడువాళ్లు, ఈ మస్కట్ బళ్లలో పనిచేసినవాళ్లు చదివితే, అవును ఇలాగే జరిగేది అంటారు.

అప్పట్లో నేను ఘాలా దగ్గర ఒక బడి ఆఫీసులో ఉండేదాన్ని. స్టాఫ్ సంతకాల రిజిస్టరు, ఎర్ర పెన్ను నా చేతిలో ఉండేవి. ఈ దేశంలో వాన పడేదే ఏడాదికి నాలుగైదు రోజులు, కానీ పడిందంటే రాళ్లు తేలి ఎండిపోయిన వాదీలు, అంటే మన వాగులే, గంటలో కార్లను దొర్లించుకుపోతాయి. అందుకని పిల్లలకు సెలవిచ్చేవారు. అదైనా ఎప్పుడనుకున్నావు, పొద్దున్న ఆరు దాటాక, టీచర్లు సగం దారిలో ఉండగా. పైగా ఆ సెలవు పిల్లలకే. స్టాఫ్ ఏడున్నరకల్లా సంతకం పెట్టకపోతే ఒక రోజుకి రెండు రోజుల లీవు పోయేది. పిల్లల్లేని బడిలో మేం చేసే ఘనకార్యం, గోడల మీది చార్టులు పీకి మళ్లీ అంటించడం. లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో, "పిల్లలైతే మునుగుతారు, మనం తేలతామని కాబోలు పెద్దాయన లెక్క" అని గొణిగేవారు. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో కనపడితే మాత్రం, వాన చాలా మంచిదండీ అనేవారు.

అందరికన్నా అన్యాయం బస్సు ఆయమ్మలది. వాళ్లు వచ్చేదే పిల్లల బస్సులో. పిల్లలకు సెలవైతే బస్సు కదలదు, బస్సు కదలకపోయినా వాళ్లు రావాలి. ఈ సంగతి ప్రిన్సిపాల్ గారికి చెప్పినవాళ్లు లేరు, నాతో సహా.

వాళ్లలో ఒకావిడది జగిత్యాల వైపు. భర్త కొండ అవతల అల్ అమెరాత్‌లో మేస్త్రీ, కాపురం అక్కడే. నన్ను అక్కా అనేది. ఊళ్లో కూతురికి తొలికాన్పు, చూసుకునే ఆడదిక్కు లేదు, తనే వెళ్లాలని జ్వరమొచ్చినా మానకుండా పది రోజుల లీవు దాచుకుంది. ఆ ఏడు వాన వరసగా నాలుగు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు కొండదారి మూసేశారు, ఆవిడ రాలేకపోయింది, ఆరు రోజుల లీవు పోయింది. నాలుగో రోజు నీళ్ల ట్యాంకరు డ్రైవరుని బతిమాలి ఎక్కి, అతను దింపిన చోటు నుంచి బురదలో నడిచి, నా బల్ల ముందుకొచ్చేసరికి ఏడూ ముప్పై అయిదు. నేను అప్పటికే ఆవిడ పేరు మీద, రాలేదన్నట్టు, ఎర్రగీత గీసేశాను.

"అయిదు నిమిషాలే గద అక్కా. గీత పక్కన సంతకం వెడ్త, ఎవలు జూస్తరు?"

"నేను చూస్తున్నాగా," అన్నాను.

"బస్సు బంద్ వెట్టిండ్రు, డ్యూటీ బంద్ వెట్టలే. ఈదుకుంట రావాల్నా అక్కా?"

"ఈత రానిదానివి అమెరాత్‌లో ఇల్లెందుకు తీసుకున్నావమ్మా?"

అక్కడున్న టీచర్లంతా నవ్వారు. వాళ్ల కచ్చంతా సెలవివ్వని పెద్దాయన మీద, నవ్వింది ఆ తడిసిన మనిషిని చూసి. ఆ నవ్వు నాకు బాగుంది. దాచను.

మిగిలిన రెండు రోజులు రాకపోకలకే చాలవు. జీతం లేని లీవు ఆయమ్మలకు ఇచ్చే అలవాటే లేదు. ఆవిడ వెళ్లలేదు. కాన్పు కష్టమైంది. ఆ పిల్ల బతికింది, బిడ్డ దక్కలేదు. ఆవిడ వెళ్తే బిడ్డ దక్కేదని నేననను. ఆ పిల్ల పక్కన తల్లి ఉండేది, అంతే. ఆ తర్వాత మూడేళ్లు ఆవిడ రోజూ నా దగ్గర సంతకం పెట్టింది, అక్కా అని మాత్రం మళ్లీ పిలవలేదు.

నువ్వు పుట్టే ముందు మీ అమ్మ దగ్గరికి వెళ్తానంటే, నా పని కచ్చితమని మెచ్చుకుని నెల రోజుల సెలవిచ్చారు నాకు. నీకు తొలి స్నానం నేనే పోశాను.

ఇప్పుడు ముందు రోజే చెబుతున్నారు, టీచర్లూ ఆయమ్మలూ ఇంట్లోనే ఉంటున్నారు, సంతోషమే. పాతవాళ్లం కలిసినప్పుడల్లా ఆ ప్రిన్సిపాల్‌ని తిట్టుకుంటాం, నేనూ గొంతు కలుపుతాను. కానీ ఆయన ఏ ఒక్కరోజూ ఆ రిజిస్టరు తెరిచి చూడలేదు. నెలాఖరుకి నేనిచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేవారు. నేను ఆవిడ వచ్చిన టైము అయిదు నిమిషాలు వెనక్కి వేసి ఉంటే ఈ భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు.