కంపుగొట్టే మణికట్టు పట్టీ

ఆ పట్టీ కంపు ఇప్పటికీ నా ముక్కుని వదల్లేదు.

కొనల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు తాడుని వేళ్ళతో పట్టుకోరు. రిలీజ్ అని చిన్న ఇనప పరికరం ఉంటుంది. అది తాడుని పట్టి ఉంచి, మనం వదలమన్నప్పుడు వదులుతుంది. రెండువేల దశకం మొదట్లో టెక్కలి గ్రౌండ్‌లో విలువిద్య నేర్చుకునే మా ఆడపిల్లలందరికీ కలిపి విల్లూ ఒక్కటే, రిలీజూ ఒక్కటే. దాని పట్టీ మణికట్టుకి బిగించి చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కాలి. ఒకదాని చెమట ఆరకముందే ఇంకోదాని చేతికి ఎక్కేది. ఆపైన మా కోచ్ సారు తుప్పు పట్టకుండా పూసే కొబ్బరినూనె, ముక్కిపోయి. థూ! అది కట్టిన చేత్తో అన్నం తినబుద్ధయ్యేది కాదు.

నాకు దాంతో ఇంకో పేచీ ఉంది. మాది పలాస పక్క ఊరు. అమ్మ జీడిపిక్కలు కొట్టడానికి ఫ్యాక్టరీకి వెళ్ళేది, సెలవులొస్తే నేనూ వెళ్ళేదాన్ని. జీడిసొన తగిలితే చర్మం కాలి, ఊడి, మళ్ళీ మందంగా వస్తుంది. నా వేలికి ట్రిగ్గర్ తగిలిన సంగతి ఆలస్యంగా తెలిసేది. మెల్లగా ఒత్తాల్సింది ఒక్కసారే నొక్కేసేదాన్ని. బాణం పక్కకి పోయేది.

ఇచ్ఛాపురం నుంచి ఒక అక్క వచ్చేది, మాకంటే పెద్దది. ఆమె దగ్గర ట్రిగ్గరే లేని రిలీజ్ ఉండేది. పిడికిట్లో పట్టుకుని వీపు బలంతో లాగుతూ పోతే పిడి కాస్త తిరిగి, తాడుని దానంతటదే వదిలేస్తుంది. వేలితో పనే లేదు. మొదటిరోజు తొందరపడి తిప్పేస్తే తాడు ముందే వదిలేసి, నా పిడికిలే తగిలి మూతి పగిలింది. అక్క పడీపడీ నవ్వింది. కానీ కొన్నాళ్ళకి నా బాణాలు టార్గెట్ నడిమి పసుపులో పడటం మొదలెట్టాయి. నాకిదే కావాలని తేల్చేసుకున్నాను. రాష్ట్ర పోటీలకి జిల్లా సెలెక్షన్ దగ్గరపడుతోంది. ఆ రోజుకి తనది ఇస్తానంది అక్క.

సారు ఒప్పుకుంటేనా!

"ఏటే, పెద్ద ఛాంపియన్‌వి అయిపోనావా? నేనెంచిన రిలీజ్ నీకు పనికిరాదేటి? దాంతోనే ఎయ్యి. లేదంటే నీ పేరు కొట్టేత్తాను."

కేటలాగ్ చూసి దాన్ని తెప్పించింది ఆయనే మరి. దాన్ని వద్దంటే ఆయన్ని వద్దన్నట్టే. రాష్ట్ర పోటీల్లో ఆడాలని ప్రాణం కొట్టుకుంటుంటే ఏం చేస్తాను, దాంతోనే వేస్తానన్నాను.

సెలెక్షన్ రోజు పొద్దున్నే మంచు. సారు ముందురోజే రిలీజ్‌కి కొబ్బరినూనె దిట్టంగా పట్టించాడు. పట్టీ చేతికి జిడ్డుగా, చల్లగా అంటుకుంది. మొదట నన్నే పిలిచారు. లాగాను, గురి కుదిరింది, నొక్కాను. కదల్లేదు. ఇంకా నొక్కాను. గట్టిగా గుంజాను. అప్పుడు టప్పుమని వదిలి, బాణం టార్గెట్ దాటి గడ్డిలో పడింది. తర్వాతవీ అంతే. "సార్, ట్రిగ్గర్ పట్టేస్తోంది" అన్నాను. ఆయన వినిపించుకుంటే కదా.

ఎండెక్కాక ఆయన అన్నకూతురి వంతు వచ్చింది. అదే రిలీజ్ ఏ గొడవా లేకుండా పనిచేసింది. ఆ పిల్లని సెలెక్ట్ చేశారు.

సారు నా చెయ్యి పట్టుకుని అందరి ముందూ ఎత్తాడు. "సూడండి, జీడిపిక్కల సెయ్యి. మొద్దుబారిపోనాది. ఈ యేలికి ట్రిగ్గరేటి తెలుత్తాది?"

నవ్వారు. ఛీ, ఏం మనిషి! ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తినడానికి లేని అసహ్యం, అది కొట్టిన చెయ్యి చూస్తే వచ్చింది. పట్టీ నా మీదకి విసిరి, "కడిగి అట్టుకురా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఏడ్చింది. "నా మూలానే తల్లీ. నిన్ను పిక్కలకి తీసుకెళ్ళకుండా ఉండాల్సింది." ఓడిపోయినప్పుడు రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీసింది. చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. కరగడానికి పొయ్యి పక్కన పెట్టింది. దాన్ని చూస్తూ కూర్చున్న నాకు సారు రిలీజ్‌కి పట్టించిన నూనె గుర్తొచ్చింది. గుమ్మంలో పడేసిన రిలీజ్ తెచ్చి చూశాను. ట్రిగ్గర్ సందులో అదే తెల్లటి ముద్ద, ఇసుకతో కలిసి. నొక్కితే కదల్లేదు. సీసా పక్కనే పెట్టాను. కాసేపటికి నూనె కారడం మొదలెట్టింది.

"నొక్కమ్మా" అన్నాను.

అమ్మ వేలు నా వేలికంటే అన్యాయం. జీడిసొనకి నల్లబడి, గీతలన్నీ చెరిగిపోయిన వేలు. నొక్కింది. టిక్కుమంది. నమ్మకం కలగక మళ్ళీ నొక్కింది. మళ్ళీ టిక్కుమంది.

"ఈ యేలికే తెలిసిపోనాది కదే" అంది. ఆ తర్వాత అమ్మకి కోపం వచ్చింది. "సలికి కొబ్బరినూనె గడ్డకడతాదని తెలీదేటి ఆ సన్నాసికి? ఆడు ఈ కొబ్బరితోటల ఉద్దానంలోనే పుట్నాడా?"

పట్టీ నేను కడగలేదు. ఆ కంపుతోనే పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. నా పేరు కొట్టేసుకోమన్నాను.