మావయ్యగారి ఏడో ఆట

మా ఎదురింటి మావయ్యగారు పోయారు. కాకినాడలో నేను పాఠాలు చెప్పే కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ప్రాక్టికల్స్ జరుగుతుండగా ధవళేశ్వరం నుంచి అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే కాఫీ తాగి మళ్ళీ నడుం వాల్చినవారు ఇక లేవలేదట. ల్యాబు తాళాలు ఎవరి చేతిలో పెట్టానో నాకు గుర్తులేదు. రైల్లో కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. సామర్లకోటలో బండి ఆగినంతసేపూ దిగి ప్లాట్‌ఫారం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. టీ కొన్నాను, తాగలేదు. ఎనభై దాటిన మనిషి, ఏడాదిగా కిడ్నీల జబ్బు, ఇవాళో రేపో అని అందరికీ తెలిసిన సంగతే. నన్ను తిప్పింది అది కాదు. తొమ్మిది రోజుల కిందట నేను ఆయనకి ఒక మాట చెప్పి వచ్చాను. అది చెప్పి ఉండాల్సింది కాదేమో అని నా గోల.

ఆయన మాకు చుట్టం కాదు. ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. ముప్ఫై ఏళ్ళకి పైగా డెల్టా కాలువల మ్యాపులు గీసి, రిటైరయ్యాక ఉబుసుపోక ఒక కంప్యూటర్ కొన్నారు. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. వీధిలో కంప్యూటర్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, దాన్ని బిగించిన రోజు నుంచీ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. చెప్పొద్దూ, మా అమ్మకి ఒళ్ళు మండేది.

ఆ సీడీ ఆయనకి రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో, ఇంగ్లీషు నవలల కట్ట మధ్య దొరికింది. అందులో ఏడు ఆటలు. అన్నీ ఎప్పటివో నవలల్లోంచి తీసినవే. మంత్రగాళ్ళు, డ్రాగన్లు, మాట్లాడే తోడేళ్ళు, మంచు కోటలు. పరుగులూ పేలుళ్ళూ ఏమీ ఉండవు. పైన కదలని బొమ్మ ఒకటి, కింద నాలుగు వాక్యాలు. తరవాత ఏం చెయ్యాలో మనమే ఇంగ్లీషులో టైపు చెయ్యాలి: తలుపు తియ్యి, దీపం పట్టుకో, ఉత్తరానికి నడువు. అప్పటికే అవి చాలా పాతవి. నా క్లాసువాళ్ళు చూసి పడీ పడీ నవ్వారు. ఆయన మాత్రం ఆ సీడీని సంపుటం అనేవారు, కథల పుస్తకం అన్నట్టుగా.

ఆయనకో నియమం ఉండేది. ముందు నవల, తరవాత ఆట. లైబ్రరీలో వెతికో, ఎవరినో అడిగో, ఆ నవల తెచ్చుకుని డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివేవారు. నెల పట్టనీ, మూడు నెలలు పట్టనీ. సాయంత్రాలు కరెంటు పోయినప్పుడు మాకు ఆ కథ చెప్పేవారు. ఆ తరవాతే ఆట మొదలు. నేను మధ్యలో తొందరపెడితే, “సిరా ఆరనిస్తేనే గీత గీతలా ఉంటదమ్మా” అనేవారు. ఆయన ఓపిక చూస్తే నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుండేది. ఇవాళ ల్యాబులో మా పిల్లలు ప్రోగ్రామ్ పనిచెయ్యక విసుక్కుంటుంటే నా నోట అదే మాట వస్తుంది.

ఆటల్లో దారి తప్పకుండా మ్యాపు గీసుకోవాలి. ఆయన గీతల గురించి ఏం చెప్పను! ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో, మంత్రగాడి సొరంగాలన్నీ కాలువల్లా గీసేవారు. ఎగువ, దిగువ, తూము, నీళ్ళాపే లాకులు. రాక్షసుడు కాపలా ఉన్న ద్వారం పక్కన ‘లాకు మూసి ఉన్నది’ అని రాసేవారు. కింద కుడి మూల గళ్ళు గీసి ఆట పేరు, తేదీ, ‘స్కేలు లేదు’ అని అచ్చు అక్షరాల్లో. పన్నెండేళ్ళలో ఆరు ఆటలు అలా పూర్తిచేశారు. ఏడోది ఆగిపోయింది.

ఏడోదాని కథ చిన్నది. పొగమంచు దేశంలో చిక్కుకుపోయిన అన్నని వెతుక్కుంటూ ఒక అమ్మాయి నది దాటి వెళ్తుంది. ఒక ముసలి పడవవాడు ఆమెని దాటిస్తాడు. నవల్లో ముగ్గురూ తిరిగొస్తారు. ఆటలో మాత్రం పడవలో ముగ్గురెక్కితే నది మధ్యలో మునిగిపోతుంది. ఈయన నవల్లో ఉన్నట్టే ముగ్గురినీ ఎక్కించేవారు. మునిగేది. ముందు అన్నని దింపి మళ్ళీ పడవవాడి కోసం వెనక్కి వెళ్ళేవారు. మంచు కమ్మేసేది. చుట్టూ తిరిగి వచ్చే కాలువ ఏదో ఉండే ఉంటుందని ఆ దేశం మొత్తం మ్యాపు గీశారు. కాలువ లేదు.

పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చినప్పుడు ఆటలన్నీ అందులోకి నేనే ఎక్కించాను. సరిగ్గా ఆడుతున్నాయో లేదో చూడాలి కదా అని ఏడో ఆట జవాబు ఇంటర్నెట్లో చూసి ముగించేశాను. రెండు నిమిషాల పని. నా మొహం చూసి ఆయన కనిపెట్టేశారు. “తెలిసిపోయిందా? అయితే నోరు కుట్టేసుకో” అన్నారు. పదేళ్ళకి పైగా కుట్టుకునే ఉన్నాను.

ఇక్కడ ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. ఆటో దిగినా బస్సు దిగినా, అది కదిలి వెళ్ళేదాకా ఆయన ఇంటివైపు అడుగు వేసేవారు కాదు. పాపం ఆటోవాళ్ళు, “ఏమైనా మర్చిపోయారా అండీ?” అని అడిగేవారు. ఆయనవాళ్ళది గోదావరి మీద బతికిన ఇల్లు. వాళ్ళ నాన్న ఏటి మధ్య లంకలకి పడవ వేసేవాడు. రేవులో దిగినవాళ్ళు, పడవవాడు తాడు కట్టి గట్టెక్కేదాకా కదలకూడదని వాళ్ళింట్లో పద్ధతి. పడవలు పోయి ఆటోలొచ్చినా ఆయన పద్ధతి పోలేదు. నేను ఎండలో ఆయన పక్కన నిలబడి గొణుక్కునేదాన్ని.

పోయిన నెల చూడ్డానికి వెళ్తే మంచం మీద ఉన్నారు. అత్తయ్యగారు, అంటే ఆయన భార్య, వంటింట్లో ఉన్నారు. మావయ్యగారు నన్ను దగ్గరికి పిలిచి, “ఇక చెప్పెయ్యమ్మా, తెలుసుకుని పోతాను” అన్నారు. నాకు సంతోషం వేసింది. అదీ నా తెలివి. పదేళ్ళు మోసిన మూట దింపుకుంటున్నానని గబగబా చెప్పేశాను. పడవవాణ్ణి అవతలి ఒడ్డునే వదిలేసి, అమ్మాయీ అన్నా తెడ్డు తీసుకుని వచ్చెయ్యాలి, అంతే.

మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

“పడవ ఎవరిదమ్మా?”

“అతనిదేనండి.”

“అతని పడవ తీసుకుని అతన్నే వదిలేసి రావడమా?”

“ఆట కదండీ మావయ్యగారూ” అన్నాను. ఆయన గోడవైపు తిరిగారు. అటు తిరిగే, రైలు టైమవుతుంది బయల్దేరమన్నారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అది. కాకినాడ వెళ్ళాక తొమ్మిది రోజులూ ఫోన్ చేద్దామని తీశాను, ఏమని చెయ్యను? చావబోయే మనిషి చేతిలో ఉన్న ఒక్క ఆశనీ లాక్కుని, దాని స్థానంలో ఒక పాడు జవాబు పెట్టి వచ్చాను. నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

దహనం రోజు వీధిలోనే నిలబడ్డాను. కంప్యూటర్ ఉన్న ఆ ముందుగదిలోకి వెళ్ళలేదు. పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా వెళ్ళాక అత్తయ్యగారే పిలిపించారు. మావయ్యగారు పోయే ముందు రోజు మధ్యాహ్నం ఆ కంప్యూటర్ పెట్టించుకున్నారట. వేళ్ళు ఆడక, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కో అక్షరం చెప్పి కొట్టించారట. ఆవిడ జన్మలో దాన్ని ముట్టుకుని ఎరగరు.

“నువ్వు చెప్పిన దారి సరైందేనన్నారమ్మా” అన్నారు ఆవిడ. “అమ్మాయి సరిగ్గానే చెప్పింది, కానీ నావల్ల కాదు అన్నారు. అని ఇంకేదో కొట్టించారు. ఎస్, ఐ, టీ. తరవాత దాన్ని దాచమని ఇంకో మీట నొక్కించారు. ఏంటమ్మా ఆ మూడక్షరాలు?”

“కూర్చో అనండి” అన్నాను.

కంప్యూటర్ పెట్టి ఆయన దాచింది తెరిచాను. నేను పదేళ్ళ కింద చూసినదీ, ఆయన వందలసార్లు చూసినదీ అదే బొమ్మ. తెల్లటి మంచు, నది, గుంజకి కట్టేసిన పడవ. కింద మాత్రం నేనెప్పుడూ చూడని వాక్యం ఉంది. అమ్మాయి ఒడ్డున కూర్చుంది, అన్న పక్కన కూర్చున్నాడు, పడవవాడు కూడా వచ్చి కూర్చున్నాడు అని. ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఇలా చేసేవాళ్ళుంటారని కూడా అనుకుని రాసిపెట్టారన్నమాట.

నా చేతులు ఊరుకోవు కదా. అలవాటుగా జవాబు టైపు చేశాను. ఎంటర్ నొక్కితే ఏడో ఆట కూడా అయిపోతుంది.

“ఇంకా అక్కడే ఉన్నారా?” అని అడిగారు అత్తయ్యగారు.

“ఉన్నారండి, ముగ్గురూనూ” అన్నాను. కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే చెరిపేశాను. ఖాళీ అయిన చోట చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది, పైన ఆ ముగ్గురూ నదివైపు చూస్తూ కూర్చునే ఉన్నారు.