కొలత కోసం నిలబడ్డ మనిషి

మా ఇంట్లో ఫోటోలు తీసేది ఆయనే. అందుకే ఆయన ఏ ఫోటోలోనూ లేరు. అమెరికాలో, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో కాపురం పెట్టాక నేను కెమెరా పట్టుకున్నది ఒక్కసారే. డెబ్భై తొమ్మిదిలో ఇండియా వెళ్లినప్పుడు, పంజాబ్‌లో ఒక పాడుబడ్డ మొఘల్ తోటలో. ఎనభై మూడు జనవరిలో ఆయన ఇంటిముందు మంచు తోస్తూ పడిపోయారు. మళ్లీ లేవలేదు. ఆయన ముఖం చూసుకోవడానికి నాకు మిగిలినవి ఆ తోట స్లైడ్లే, ప్రొజెక్టర్‌లో పెట్టి తెర మీద చూసే ఫిల్మ్ ముక్కలు.

ఢిల్లీ నుంచి లాహోరు పోయే పాత బాటలో పాదుషాలు మజిలీ చేసే తోట అది. చుట్టూ ప్రహరీ, మూలల్లో ఎనిమిది పలకల బురుజులు. మధ్యలో కాలువలు ఒకదాన్నొకటి దాటుతూ తోటను నాలుగు భాగాలు చేస్తాయి. బాటలు నేలకంటే బాగా ఎత్తుగా కట్టారు, నడిచేవాళ్ల చేతికి కొమ్మలు అందేలా. పైమెట్టు నీళ్లు కిందిమెట్టుకు దిగేచోట చేప పొలుసుల్లా చెక్కిన ఏటవాలు రాయి ఉంటుంది. దాన్ని చాదర్ అంటారు, నీరు దుప్పటిలా పరుచుకుంటుందని. పక్క గోడ నిండా చిన్న చిన్న గూళ్లు, రాత్రిపూట దీపాలు పెట్టడానికి. పాదుషాలు పోయాక ప్రహరీ ఇటుకలు ఊరివాళ్ల ఇళ్లలోకి చేరాయి. మేం వెళ్లేసరికి కాలువలో నీళ్లకు బదులు గడ్డి ఆరబోసి ఉంది.

నేను హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివాను. కట్టడాన్ని ఫోటో తీసేటప్పుడు పక్కన మనిషిని నిలబెట్టడం మాకు నేర్పారు, ఎత్తు తెలియడానికి. ఆయన్ని చాదర్ పక్కన నిలబెట్టాను.

"ఎండ మాడ్చేస్తోంది. నన్ను మొగుడిలా తెచ్చావా, కొలబద్దలా తెచ్చావా?"

"కొలబద్దయితే ఇంత వాగదు. కాస్త ఎడమకి జరగండి."

"ఫేస్ అయినా పడుతుందా?"

"పడుతుంది. కదలకండి."

ఆ ఏడాది దీపావళికి మా ఇంట్లో అక్కడి తెలుగువాళ్లమందరం తలా ఒక వంట తెచ్చుకుని కలిశాం. భోజనాలయ్యాక ఆ స్లైడ్లు వేశాను. "తాజ్‌మహల్ లేదా అండీ? ఈ పగిలిన గోడలు చూడ్డానికా అంత దూరం వెళ్లారు?" అందొకావిడ. ఆవిడ తెచ్చిన పులిహోరలో ఉప్పు లేదు. నేనేమైనా అన్నానా?

ఆయన పోయిన మరుసటి ఏడాది ఒక కాలేజీలో సాయంత్రం క్లాసులకు వెళ్లేదాన్ని. అక్కడి ప్రొఫెసర్ తోటల మీద ఉపన్యాసానికి ఆ స్లైడ్లు అడిగారు. వీటికి రెండో కాపీ లేదని చెప్పే ఇచ్చాను. చాలా జాగ్రత్తగా చూసుకుంటామన్నారు.

ఉపన్యాసం రోజు హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. ఆ ఫోటోలు తీసింది ఎవరో ప్రొఫెసర్ చెప్పలేదు. అది వేరే సంగతి, దాన్నీ మర్చిపోలేదు. తెర మీద చాదర్ వచ్చింది. నీళ్లు పారిన మరక, గూళ్లు, పైన విరిగిన మండపం అన్నీ ఉన్నాయి. ఆయన లేరు. బొమ్మ ఎడమ అంచు లోపలికి జరిగి, ఆయన ఉండాల్సిన చోట చీకటి. తర్వాతి స్లైడులోనూ అంతే. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే.

ఎవరో విద్యార్థి ఆ గోడ ఎత్తెంత అని అడిగాడు. పన్నెండు అడుగులుండొచ్చు అన్నారు ప్రొఫెసర్.

నేను లేచి నిలబడ్డాను. "ఆరడుగులు. నా భర్త తల దాని పై అంచుకు కొంచెం కిందుగా ఉంటుంది. ఆయన్ని ఏం చేశారు?"

అందరూ వెనక్కి తిరిగారు. ప్రొఫెసర్ నవ్వి, తర్వాత మాట్లాడదామన్నారు.

హాలు ఖాళీ అయ్యాక వివరించారు. బొమ్మలో అక్కర్లేనిదాన్ని వెండిరంగు టేపుతో కప్పేయడం అక్కడి పద్ధతట. "మీ వారి పసుప్పచ్చ చొక్కా చూపును లాగేస్తోంది. కంగారు పడకండి, టేపు లాగితే వచ్చేస్తుంది."

"ఆయన పోయారు" అన్నాను.

"అయ్యో, నాకు తెలీదు" అన్నారు. తెలిస్తే కప్పకపోయేవారా? అడగలేదు.

స్లైడ్లు తీసుకుని ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర చాదర్ స్లైడు చట్రం విప్పి, టేపు అంచు గోటితో నెమ్మదిగా ఎత్తాను. ఫిల్మ్ మీది రంగు టేపుతో పాటే లేచొచ్చింది. ఒక భుజం మిగిలింది. ముఖం లేదు. రెండో స్లైడుకు హెయిర్ డ్రయర్‌తో వేడి చూపించి తీశాను. దాంట్లో భుజం కూడా మిగల్లేదు.

మర్నాడు ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి చెప్పాను. చాలా బాధగా ఉందన్నారు. "తోట భాగం మాత్రం బాగానే ఉంది కదా?" అని అడిగారు.

ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ క్లాసుకు మళ్లీ వెళ్లలేదు. ఆ మనిషితో మళ్లీ మాట్లాడలేదు.

మిగతా స్లైడ్ల జోలికి పోలేదు. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే తోట కనిపిస్తుంది. ఎడమ పక్కన టేపు కింద ఆయన ఉన్నారు. తీస్తే పోతారు.