సిరిసిల్లలో చెవుడు లేదని సంతకం పెట్టిన రోజు

సిరిసిల్లలో చెవుడన్నదే లేదని ఒకసారి నేను లిఖితపూర్వకంగా తేల్చి పారేశాను. కింద సంతకం కూడా పెట్టాను. ఇప్పుడు కోరుట్లలో నా చెవి పరీక్షల కేంద్రానికి జగిత్యాల నుంచీ సిరిసిల్ల నుంచీ జనం వెతుక్కుంటూ వస్తారు. గోడ మీది సర్టిఫికెట్లు చూసి "మేడం మస్తు సదివింది" అనుకుంటారు. వాళ్లకు మాత్రం ఆ రిజిస్టర్ చూపించను. బీరువాలో పట్టుచీరల కింద దాచాను. ఆ ఒక్క పూటలో నా నౌకరీ, మా డాక్టరు పరువు, ఒక మిల్లు సేఠ్ తెచ్చిన శాలువా మూడూ ఎట్లా మంటగలవబోయాయో మీకు చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. అలవాటైంది.

పదిహేనేళ్ల కిందటి మాట. మా నాన్నను మేము బాపు అంటాం. పేరు నర్సయ్య. సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. సాంచ అంటే మరమగ్గం. ఒక్క సాంచ నడిస్తేనే పక్కవాడి మాట వినబడదు, అట్లాంటిది ఒక్కో షెడ్డులో ముప్పై నలభై ఉంటాయి. అందులో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి నేను ఇంటర్ కాగానే చెప్పాను, చెవి పరీక్షల డిప్లొమా చేస్తానని.

"చెవుల కోర్సా? గదేం కోర్సే?" అన్నాడు బాపు.

"ఉంటది బాపూ. పట్నంల ఉన్నది."

"కండ్లకు అంటె ఉంటది, పండ్లకు అంటె ఉంటది. చెవులకేం సదువుంటదే? ఊకె తలకాయకు అటొకటి ఇటొకటి ఉంటయి."

వాడకట్టంతా బాపు పక్షమే. టీచర్ ట్రైనింగ్ చేసిన పిల్లలున్నారు, నర్సు పని నేర్చిన పిల్లలున్నారు, చెవులు చదివిన పిల్ల నేనొక్కదాన్నే. అయినా మొండికేసి వెళ్లాను. చదివాను. జగిత్యాలలో ఒక చెవి డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేరాను. తెల్ల కోటు కూడా ఇచ్చారు. అది నాకు మోకాళ్ల కింది దాకా వచ్చేది, కానీ కోటు కోటే కదా.

బాపుకు అది ఆనలేదు. ఒక ఆదివారం ఇంటికి వెళ్తే తీర్పు సిద్ధంగా ఉంది.

"ఏం నౌకరని నలుగురు అడిగితె చెప్పరాకుంటున్నది బిడ్డా. తంగళ్ళపల్లి బడిల మీ మామతోని ఫోన్ల మాట్లాడిన. టీచర్ పోస్టు నీకే. ఒకటో తారీఖు సంది పోవాలె."

తంగళ్ళపల్లి మామ అంటే అమ్మ తమ్ముడు, అక్కడ చిన్న ప్రైవేటు బడి నడుపుతాడు. నేను లబోదిబోమన్నాను. "నేను పోను బాపూ! నాకు గీ పనే ఇష్టం!"

"అట్లనా? నీ దవాఖానోళ్లు వచ్చే ఆదివారం మన ఊర్లె క్యాంపు వెడుతున్నరట గద. మందిల నీ పేరు మంచిగచ్చిందా, నీ ఇష్టం. రాలేదా, బడికి పోవాలె. మల్ల మాట్లాడద్దు."

అంటే నా బతుకు ఏ దారిన పోవాలో ఆ ఒక్క ఆదివారం తేలుతుంది. వారమంతా నాకు అన్నం సయించలేదు. కలలో నల్లబల్ల కనిపించేది.

క్యాంపు రోజు సంఘం హాలు నిండిపోయింది. అరవై మంది సాంచల మీద పనిచేసిన వాళ్లు. కోరుట్ల నుంచి ఒక రైసు మిల్లు సేఠ్ నలభై చెవి మిషన్లు దానంగా తెచ్చాడు. ఫొటోగ్రాఫర్ని వెంట తెచ్చుకున్నాడు, శాలువా కూడా తనే తెచ్చుకున్నాడు. వెనకవైపు అమ్మ, మరో నలుగురు ఆడవాళ్లు అందరికీ వంట చేస్తున్నారు. డాక్టరు సారు నన్ను పిలిచి చెప్పారు.

"స్వరూపా, మీ ఊరే గద. మొదటి పరీక్ష నువ్వే చెయ్యి. ఆరడుగుల దూరంల కూసోవెట్టి మెల్లగ మాటలు చెప్పు, వాళ్లు తిరిగి చెప్పాలె. చెప్పలేనోళ్ల పేర్లు రాయి. నోటికి అట్ట అడ్డం పెట్టుడు మర్చిపోకు."

"మర్చిపోను సార్."

మర్చిపోలేదు. దేవుడి సాక్షిగా మర్చిపోలేదు. లైన్లో మొదట వచ్చినవాడు మా లస్మయ్య పెద్దబాపు. కుర్చీలో కూర్చోబెట్టి, నోటికి అట్ట అడ్డం పెట్టుకున్నాను. పెద్దబాపు ముఖం మాడిపోయింది.

"ఏందే, మొఖం దాసుకుంటున్నవ్? మా మీద అలిగినవా?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. సాంచల రొదలో గొంతు చించుకున్నా లాభం ఉండదు కాబట్టి మావాళ్లు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు చప్పుడు లేకుండా పెళ్లి సంబంధాలు ఖాయం చేసుకుంటారు. ఇంటికొచ్చినా అదే అలవాటు. మా వాడలో ఎదురెదురు గడపల్లో నిలబడి గంటసేపు కొట్లాడుకున్నా కొత్తవాళ్లకు ఒక్క ముక్క వినబడదు. అట్లాంటి ఊళ్లో ముఖం చూపించకుండా మాట్లాడటమంటే నీతో నాకు మాటల్లేవు అని చెప్పడమే.

లైన్లో గుసగుస మొదలైంది.

"పట్నంల సదివింది గద, మనకు మొఖం జూపిస్తదా?"

"నర్సయ్య బిడ్డకు గర్వమచ్చింది."

బాపు ఐదో నంబరు మనిషి వెనక నిలబడి అన్నీ చూస్తున్నాడు. మందిలో నా పేరు నా కళ్ల ముందే బడి వైపు నడిచి పోతోంది. ఏం చేస్తాను చెప్పండి? అట్ట తీసి నా కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నాను.

"గిప్పుడు మంచిగున్నదా పెద్దబాపూ?"

"ఆఁ, గట్ల మాట్లాడు బిడ్డా."

"కండె" అన్నాను మెల్లగా. "కండె" అన్నాడు. "చాయ" అన్నాను. "చాయ" అన్నాడు. "గొర్రెపిల్ల", "అల్లుడు", "జ్వరం". తడుముకోకుండా అప్పజెప్పాడు. నేను ఇంకా మెల్లగా అన్నాను. ఆయన ఇంకా జోరుగా చెప్పాడు. ఆహా, ఈ వయసులో ఏం చెవులు అనుకుని 'బాగుంది' అని రాశాను.

తర్వాత రెండో మనిషి. బాగుంది. మూడో మనిషి. బాగుంది. ఐదో మనిషి తర్వాత బాపు వచ్చాడు. ఇంట్లో బాపును పిలవాలంటే అమ్మ లైటు ఆర్పి వెలిగిస్తుంది. అట్లాంటి బాపు నేను చెప్పిన పది మాటలకు పది అప్పజెప్పి "ఇంకేమన్న ఉన్నయా?" అని మీసం దువ్వాడు. నాకప్పుడైనా అనుమానం రావద్దా? రాలేదు. ఇన్నాళ్లూ అమ్మ మాట పట్టించుకోక చెవిటివాడిలా నటిస్తున్నాడేమో అని అమ్మ మీద జాలిపడ్డాను.

నలభయ్యో మనిషికి నా గొంతు బొంగురుపోయింది. యాభయ్యో మనిషి దగ్గర పూర్తిగా ఆరిపోయింది. నోరు కదులుతోంది, గాలి వస్తోంది, చప్పుడు లేదు. అయినా ఆ పది మందీ పాసే! అప్పుడు కూడా, ఓ పాఠకులారా, అప్పుడు కూడా నేను గర్వంగా 'బాగుంది' రాసి కింద సంతకం పెట్టాను.

సేఠ్ వేదికెక్కాడు. డాక్టరు సారు రిజిస్టర్ అందుకున్నారు.

"ఎంతమంది తేలిండ్రమ్మా?"

మంచినీళ్లు తాగి గొంతు పెకల్చుకున్నాను. "ఒక్కలు గూడ లేరు సార్."

"ఒక్కలు గూడ?"

"అందరికి మంచిగనే వినవడుతున్నది సార్. మా ఊరోళ్ల చెవులు శాన గట్టియి."

సేఠ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "డాక్టర్ సాబ్, మరి గీ నలభై మిషన్లు నేనేం జేసుకోవాలె? మిల్లుల ఎలుకలకు పెట్టాల్నా?"

డాక్టరు సారు రిజిస్టర్ చూశారు. నా ముఖం చూశారు. తర్వాత నా చేతులు చూశారు.

"అట్ట ఏది?"

"కూసున్న సార్."

"ఏంది?"

"దాని మీద కూసున్న సార్."

సారు రిజిస్టర్ మూసేశారు. వేదిక దిగి, జనం మధ్య నుంచి నడుచుకుంటూ హాలు చివరికి వెళ్లారు. అరవై మందీ వేదిక వైపు చూస్తూ కూర్చున్నారు, అందరి వీపులూ ఆయన వైపే ఉన్నాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుని అరిచారు.

"భోజనాలు తయారైనయ్! లేవుండ్రి!"

ఒక్క తల తిరగలేదు. గిన్నె మూత తెచ్చి గరిటెతో దడదడ బాదారు. ఫ్యాన్లు తప్ప ఏదీ తిరగలేదు. వంట దగ్గర నుంచి అమ్మ మాత్రం, ఆమె సాంచ నడపలేదు, బీడీలు చుట్టింది కాబట్టి, కొంగు దోపుకుని పరుగెత్తుకొచ్చింది. "ఇంక అన్నం ఉడకనే లేదు సారూ! ఊకె ఎందుకు ఒర్రుతున్నరు?"

 సంగతి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. నేను పరీక్షించింది చెవులను కాదు, కళ్లను. అది ఖాయం చేసుకుందామని, అరవై మందికి ఎదురుగా నిలబడి, చప్పుడన్నది లేకుండా పెదాలతో మాత్రం అన్నాను.

"అన్నానికి లేవుండ్రి."

అరవై మందీ ఒక్కసారే లేచారు. కుర్చీలు పడ్డాయి. ముందు వరసలోని లస్మయ్య పెద్దబాపు విస్తరి కోసం సేఠ్ శాలువాను తోసుకుంటూ పోయాడు. అమ్మ గరిటె అడ్డం పెట్టి "ఉడకలే, ఉడకలే!" అని మొత్తుకుంటోంది, చూసేవాళ్లు లేక వినేవాళ్లూ లేరు.

డాక్టరు సారు మూత పట్టుకుని నేల మీద కూలబడ్డారు. ఏడుస్తున్నారనుకున్నాను. దగ్గరికి వెళ్తే నవ్వు. కళ్లలోంచి నీళ్లు కారేంత నవ్వు.

"తప్పు జేసిన సార్," అన్నాను. నాకు మాత్రం నిజంగానే ఏడుపు. "రేపటి సంది రాను. బడికి పోత."

"ఎటు వోతవ్? గీళ్లు దవాఖానకు ఎందుకస్తలేరని ఇరవై ఏండ్ల సంది నాకు సమజ్ కాలే. 'మాకు మంచిగనే వినవడ్తది' అంటరు. అబద్ధమాడుతున్నరనుకున్న. గాళ్లకే తెల్వదని ఇయ్యాల తెలిసింది. పో, వాళ్లకు చెప్పు. గీ హాల్ల నువ్వు తప్ప ఇంకెవలం చెప్పలేం."

నిజమే. ఆయన గొంతెత్తితే వినబడదు, సేఠ్ మైకు పట్టుకున్నా వినబడదు. నేను కుర్చీ ఎక్కి నిలబడి, బొంగురుపోయిన గొంతును పక్కన పెట్టి, వాళ్ల భాషలోనే చెప్పాను. మీకు మాటలు కనవడుతున్నయి, వినవడుతలేవు. గిది సిగ్గు కాదు, సాంచలు దీసుకున్న కూలి. మల్లొక్కసారి కూసోండ్రి, గీసారి నేను ఎనకనుంచి మాట్లాడుత.

ఎవరూ కదల్లేదు. చెవిటివాడినని మొదట ఒప్పుకునేదెవరు? అప్పుడు బాపు లేచాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెనక నిలబడి పది మాటలు చెప్పాను. బాపు ఎదురుగా గోడను చూస్తూ, ఎప్పుడు మొదలు పెడతానా అని ఎదురుచూస్తున్నాడు. 

మిషన్ పెట్టాను. మళ్లీ వెనక్కి వెళ్లి, మెల్లగా పిలిచాను.

"బాపూ."

తిరిగి చూశాడు. నా వయసు ఇరవై రెండు. వెనక నుంచి పిలిస్తే మా నాన్న తిరిగి చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బాపు చెవి దగ్గరి మిషన్ సవరించుకున్నాడు.

"నీ గొంతు గింత గలీజుగున్నదేందే?" అన్నాడు.

అంతే, లైను కట్టారు. సాయంత్రానికి నలభై మిషన్లూ అయిపోయాయి, ఇంకా కావాలన్నారు. సేఠ్ ఆ శాలువాను తను కప్పుకోకుండా నాకు కప్పాడు, ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. తంగళ్ళపల్లి, కోనరావుపేట, బోయినపల్లి వాళ్లు మా దగ్గరెప్పుడని అడిగారు. లస్మయ్య పెద్దబాపు ఊరంతటికీ వినబడేలా ప్రకటించాడు, "మా నర్సయ్య బిడ్డ చెవుల డాక్టరు!" కాదని చెప్పాను. మిషన్ పెట్టుకున్నా అది మాత్రం వినలేదు.

బాపు ఛాతీ విరుచుకుని ఫోను అందుకున్నాడు. స్పీకర్ నేనే పెట్టాను.

"బామ్మర్దీ, మా స్వరూప మీ బడికి రాదు. ఏమనుకోకు. దాని నౌకరి మస్తు పెద్దది."

అటువైపు నుంచి మామ గొంతు ఖంగున మోగింది. "బావా! నీకు దండం పెడుత! నెల సంది చెప్తున్న గద, పోస్టు లేదని, వేరేటామెను తీసుకున్నమని! నేను చెప్పేది చెప్తనే ఉంట, నువ్వు 'ఆఁ సరే, ఒకటో తారీఖు పంపిస్త' అని పెట్టేస్తవ్!"

బాపు ఫోను కింద పెట్టాడు. మిషన్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది మంచిగ పనిచేస్తలేదు బిడ్డా," అన్నాడు. "వేరేది వెట్టు."

అందుచేత మహాజనులారా, ఆ రిజిస్టర్ మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణమున్నంతవరకూ సాంచల ఊరి మనిషి చెవిని ముఖం చూపించి పరీక్షించను, అలిగినా సరే, గర్వమన్నా సరే. ఇక మా బాపు నాకు ఎక్కడ ఏ నౌకరీ ఖాయం చేసి వచ్చానన్నా, అవతలి మనిషి మాట నా రెండు చెవులతో వినేదాకా దిగులుతో ఒక్క పూట కూడా అన్నం మానను.